ఇది పుట్టగొడుగు అని ధ్రువీకరించడమైనది

మెట్టవలస ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే భుజంగరావు గారిని ఇరవై ఆరేళ్ల సర్వీసులో ప్రభుత్వం ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు. ఎన్నికల డ్యూటీకి రమ్మంది, జనాభా లెక్కలకు పొమ్మంది, ఓసారి మంత్రిగారు వస్తున్నారంటే హెలిపాడ్ చుట్టూ సున్నం గీతలు గీయించమంది. అవన్నీ చెప్పడాలు. అడగడం వేరు. నీకు తెలిసిన విషయం మాకు కాస్త చెప్పవయ్యా అని అడగడం వేరు. ఆ ముచ్చట ఆయనకు తీరలేదు.

ఆయనకు తెలిసిన విషయం కూడా పదిమందీ వచ్చి అడిగేది కాదు. లివర్‌వర్ట్ అని ఒక చిన్న మొక్క ఉంది. వానాకాలంలో నీడపట్టున రాళ్ల మీద, నూతి గట్ల మీద, చెమ్మ గోడల మీద ఆకుపచ్చని తోలు పరిచినట్టు అతుక్కుని పెరుగుతుంది. పువ్వు పుయ్యదు, కాయ కాయదు. జనం దాన్ని పాచి అంటారు. దాని మీద కాలు జారినప్పుడు ఇంకా ఏవేవో అంటారు. భుజంగరావు గారు దాని మీద పరిశోధన చేశారు. పెళ్లికి ముందు ఆరేళ్లూ, పెళ్లయ్యాక భార్య ఊరుకున్నంత కాలమూ దాని కోసం కొండలెక్కారు.

ఏటా రెండో సంవత్సరం పిల్లలకు లివర్‌వర్ట్‌కూ పుట్టగొడుగుకూ భేదాలు చెప్పే రోజున ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చేవారు. బల్ల మీద ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి పెట్టేవారు.

"రెండూ వానకే వస్తాయి. రెండూ చెమ్మలోనే ఉంటాయి. రెండింటికీ పువ్వుల్లేవు, గింజల్లేవు. కానీ ఇది ఎండ చూసుకుని తన తిండి తనే తయారుచేసుకుంటుంది. అది చచ్చిన కట్టెనో, కుళ్లిన ఆకునో తిని బతుకుతుంది. ఇది మొక్క. అది మొక్క కాదు. రెండూ ఒకటే అనేవాడు వృక్షశాస్త్రం మానేసి ఇంకో పని చూసుకోవాలి" అనేవారు.

విద్యార్థుల్లో చాలామంది డిగ్రీ అవగానే ఆ చివరి సలహానే పాటించారు.

ఇలా ఉండగా ఆ వేసవిలో "హరిత ప్రాంగణం" పథకం వచ్చింది. ప్రతి ప్రభుత్వ భవనంలోనూ ఎన్ని మొక్కలున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను బట్టి ర్యాంకులివ్వాలని ఉత్తర్వు. మొక్క అనగానేమి అన్న అనుమానం ఎవరికీ రాకుండా నాలుగో నిబంధనలో వివరణ కూడా ఇచ్చారు: "మొక్క అనగా తన ఆహారమును తానే తయారుచేసుకొను ఆకుపచ్చని జీవి. పరిమాణముతో నిమిత్తము లేదు." ఏడో నిబంధన ప్రకారం ఒకసారి లెక్కలోకి వచ్చిన మొక్కకు ఎవరూ హాని చేయకూడదు. పదకొండో నిబంధన కూడా ఒకటుంది గానీ, అది వెనక పేజీలో ఉండడం వల్ల దాన్ని అప్పటికి ఎవరూ చదవలేదు.

మన జిల్లాలో ఈ పథకానికి ప్రత్యేకాధికారిగా విరించి ప్రసాద్ గారు వచ్చారు. ఆయన అంతకు ముందు చేపల శాఖలోనూ, దానికి ముందు తూనికలు కొలతల్లోనూ పనిచేశారు. రెండు చోట్లా లెక్క తప్పలేదని పేరు.

మెట్టవలస నుంచి కొండెక్కితే పందొమ్మిది కిలోమీటర్ల దూరంలో పనసగెడ్డ బాలికల ఆశ్రమ పాఠశాల ఉంది. ఎనభై నాలుగు మంది గిరిజన ఆడపిల్లలు అక్కడే చదువుకుని అక్కడే పడుకుంటారు. పెంకుల కప్పు, చెక్క దూలాలు, రాతి గోడలు. కప్పు నాలుగేళ్లుగా కారుతోంది. వార్డెన్ కిల్లో నీలవేణి ఆ నాలుగేళ్లూ అర్జీలు పెట్టగా పెట్టగా చివరికి మరమ్మతు మంజూరైంది. ఏఈ లోకనాథం ఇద్దరు మేస్త్రీలను, ఒక నిచ్చెనను వెంటేసుకుని జులైలో ఒక మంగళవారం పొద్దున్న పనసగెడ్డ చేరాడు. అదే మంగళవారం అదే పొద్దున్న విరించి ప్రసాద్ గారు మొక్కలు లెక్కపెట్టడానికి దిగారు.

"మొక్కలేవమ్మా?" అన్నారాయన జీపు దిగుతూనే.

"వేశామండి. నూట ఇరవై మొక్కలు. మేకలు తినేశాయండి" అంది నీలవేణి.

"మేకల సంఖ్య మాకు అవసరం లేదు. సున్నా అని రాసుకోమంటారా? సున్నా వచ్చిన వార్డెన్ల మీద తీసుకోదగు చర్య గురించి తమకు అవగాహన ఉన్నదా?"

నీలవేణి గాభరాగా చుట్టూ చూసింది. ఉత్తరం వైపు గోడ నేల నుంచి చూరు దాకా పచ్చగా ఉంది. నాలుగేళ్లుగా పైనుంచి కారిన నీళ్లకు అలా తయారైంది.

"అదుందండీ" అంది చెయ్యి చూపిస్తూ.

"అది పాచి" అన్నాడు లోకనాథం. "ఇప్పుడు గీకించేస్తాను సార్. గీకి, సిమెంటు పూత వేసి..."

"ఆగవయ్యా!" అన్నారు విరించి ప్రసాద్ గారు. గోడ దగ్గరకు వెళ్లారు. ఆకుపచ్చగా ఉంది. జీవి లాగే ఉంది. పరిమాణముతో నిమిత్తము లేదు. "దీని గురించి తెలిసినవాళ్లెవరైనా జిల్లాలో ఉన్నారా?"

అలా ఇరవై ఏడో ఏట ప్రభుత్వం భుజంగరావు గారిని అడిగింది.

మర్నాడే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, భూతద్దం జేబులో పెట్టుకుని పనసగెడ్డ వెళ్లారు. గోడ మీదున్నంత పెద్ద లివర్‌వర్ట్ తివాచీని ఆయన ఏ కొండలోనూ చూడలేదు. భూతద్దం పెట్టి చూశారు. ఒక్కో పలక మీదా వరసగా సన్నని గళ్లు, గడి మధ్య చిన్న రంధ్రం, అక్కడక్కడా బుల్లి గిన్నెలు. ఆ గిన్నెల్లో ఆవగింజకన్నా చిన్న మొగ్గలు. చినుకు పడితే అవి చింది అవతలికి ఎగిరి పడి కొత్త మొక్కలవుతాయి. ఇదంతా ఆయన విరించి ప్రసాద్ గారికి గంటంబావు చెప్పారు.

"అంటే మొక్కే?" అన్నారు విరించి ప్రసాద్ గారు.

"సాక్షాత్తూ మొక్కండి."

"ఎన్ని?"

భుజంగరావు గారు తడబడ్డారు. "ఇది రెండు పాయలుగా చీలుతూ పోతుందండి. వెనక భాగం ఎండిపోతే ఆ రెండు పాయలూ రెండు మొక్కలవుతాయి. అందుకని ఎన్ని అంటే..."

"అయితే ఒక్కో పాయ ఒక్కో మొక్క. లెక్కపెట్టండి."

అడుగు పొడవు, అడుగు వెడల్పు చట్రం ఒకటి చేయించుకుని, గోడంతా అక్కడక్కడా పెట్టి, మూడు రోజులు లెక్కపెట్టి భుజంగరావు గారు పద్నాలుగు పేజీల నివేదిక రాశారు. పుట్టగొడుగుకూ దీనికీ భేదాలతో రెండు పట్టికలు వేశారు. బొమ్మలు స్వయంగా గీశారు. చివర మొత్తం వేశారు: నలభై ఒక్క వేల ఆరు వందల పన్నెండు.

"ఆ పన్నెండు ఎక్కడివి?" అన్నారు విరించి ప్రసాద్ గారు.

"కిటికీ చట్రం కిందండి."

విరించి ప్రసాద్ గారు లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశారు. నివేదికలో ఆయన చూసింది ఆ అంకె ఒక్కటే.

పనసగెడ్డ ఆశ్రమ పాఠశాలకు రాష్ట్రంలో మొదటి ర్యాంకు వచ్చింది. మైదానంలో నాలుగెకరాల తోట ఉన్న వ్యవసాయ కళాశాల రెండో స్థానంలో ఎక్కడో దూరంగా ఉండిపోయింది. భుజంగరావు గారికి శాలువా కప్పారు. పేపర్లో ఫొటో వేసి, కింద "అరుదైన లివర్ మొక్కను గుర్తించిన అధ్యాపకుడు" అని రాశారు. అది చదివిన ఆరోగ్య శాఖ వాళ్లు లివర్ అన్న మాటకు ఉలిక్కిపడి, పనసగెడ్డకు ఇద్దరు నర్సులను పంపి పిల్లలందరికీ కామెర్ల పరీక్షలు చేయించారు. ఎవరికీ ఏమీ లేదు. గోడకు మాత్రం పరీక్ష చేయలేకపోయామని, అందుకు తగిన పరికరాలు సరఫరా చేయవలసిందని నివేదించారు.

ఇక లోకనాథం తన నిచ్చెన దించి తీసుకుపోయాడు. ఎందుకంటే ఆ వారమే అతనికి మెమో వచ్చింది: "సదరు గోడకు నీటి సరఫరా సదరు కప్పు లీకేజీ ద్వారా మాత్రమే జరుగుచున్నందున, సదరు లీకేజీని యథాతథముగా కొనసాగించవలెను. ప్రతి నెలా లీకేజీ నిర్వహణ ధ్రువపత్రమును సమర్పించవలెను."

లోకనాథం ఇరవై ఏళ్లుగా ఎన్నో భవనాలు కట్టాడు. అవన్నీ కారాయి. అందుకు అతనికి మెమోలు కూడా వచ్చాయి. కానీ కారకపోతే మెమో రావడం మాత్రం ఆగస్టులోనే మొదటిసారి. చూరు మీద ఎండుటాకులు పేరుకుని బీట పూడుకుపోయి మూడు రోజులు నీళ్లు ఆగాయి. "అనుమతి లేకుండా లీకేజీ నిలిచిపోవుటకు గల కారణములు తెలుపవలెను" అని వచ్చింది. లోకనాథం పరుగున వచ్చి, కప్పెక్కి, ఆకులు తీసి, బీటను చువ్వతో కొంచెం పెద్దది చేసి, కింద ధారగా పడుతున్న నీళ్ల పక్కన నిలబడి ఫొటో తీయించుకుని పంపాడు. ప్రశంసాపత్రం వచ్చింది.

సెప్టెంబరులో పది రోజులు వాన పడలేదు. పనసగెడ్డలో ఆడపిల్లలు ట్రంకు పెట్టెలన్నీ బయట వేసి, ఏడాదిగా ఆరని దుప్పట్లు ఆరేసుకున్నారు. పదకొండో రోజు ఫైరింజన్ వచ్చింది. కప్పు మీద అరగంట నీళ్లు కొట్టి వెళ్లింది. పిల్లల సంక్షేమం కూడా తమ దృష్టిలో ఉందని నిరూపించడానికి విరించి ప్రసాద్ గారు ఎనభై నాలుగు ఆకుపచ్చ గొడుగులు పంపించారు. వాటి మీద "మొక్కే మన ప్రాణం" అని రాసి ఉంది. కింద చిన్న అక్షరాల్లో "లోపల వాడుకొనుటకు మాత్రమే" అని ఉంది.

నెలకోసారి మొక్కల లెక్క సరిచూడ్డానికి వెళ్లే భుజంగరావు గారు ఆ నెల ఒక వానరోజున మధ్యాహ్నం భోజనాల వేళకు పనసగెడ్డ చేరారు. భోజనాల గదిలో రెండు వరసల్లో పిల్లలు కూర్చుని, ఎడమ చేత్తో గొడుగులు పట్టుకుని, కుడి చేత్తో అన్నం తింటున్నారు. గొడుగు గొడుగుకు తగిలి ఒకరి నీళ్లు ఒకరి కంచంలో పడుతున్నాయి. ఒక పిల్ల దగ్గుతూ ఆయన్ని చూసి లేచి నిలబడి, "నమస్తే మొక్కల సార్" అంది.

ఆయనకు ఆ పూట లెక్క కుదరలేదు. మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు తప్పారు. ఇంటికొచ్చి హరిత ప్రాంగణం వారికి ఒక ఉత్తరం రాశారు. ఈ మొక్కకు ఈ గోడే అవసరం లేదని, వంద గజాల దూరంలో పారే గెడ్డలోని రాళ్ల మీద ఇది హాయిగా బతుకుతుందని, తానే స్వయంగా తరలిస్తానని రాశారు. పది రోజులకు జవాబు వచ్చింది: "గెడ్డ ప్రాంగణము పరిధిలోనికి రాదు."

అక్టోబరు మొదట్లో ఆయన వెళ్లేసరికి నీలవేణి గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "మాస్టారూ, ఒకటి చూపిస్తాను రండి. మొన్నటి దాకా లేదండి" అంటూ భోజనాల గదిలోకి తీసుకెళ్లింది. పైన నడి దూలం పక్క నుంచి తెల్లని విసనకర్రల్లాంటివి అయిదారు పొడుచుకొచ్చి ఉన్నాయి.

"ఇది కూడా మొక్కేనాండీ? దీన్ని కూడా కలిపితే లెక్క పెరుగుద్దేమో..." అంది నీలవేణి బెదురుగా. ర్యాంకు తగ్గితే ఏమవుతుందోనని ఆమె భయం ఆమెది.

వంటావిడ దేముడమ్మ గరిటె పట్టుకుని వచ్చి పైకి చూసింది. "మొక్కేటి తల్లీ! కొక్కు అది. తినీ కొక్కు కూడా కాదు. ఎండిన మానుకి పట్టీది. ఇది పట్టిన కర్రని మావు పొయ్యిలోకి కూడా ఎట్టం. వూదితే పొడైపోద్ది."

"నువ్వు చెప్పిందే నిజం దేముడమ్మా. పుట్టగొడుగే" అన్నారు భుజంగరావు గారు. బల్ల ఎక్కి పెన్సిల్ మొనతో దూలాన్ని పొడిచారు. పెన్సిల్ సగం దాకా దిగిపోయింది. "పైకి కనిపించేది కాయ లాంటిదమ్మా. అసలుది దారాలు దారాలుగా లోపల దూలమంతా పాకిపోయి ఉంటుంది. కట్టెను తినేస్తోంది. గోడ మీదున్న దానివల్ల ఎవరికీ ప్రమాదం లేదు. ఇది మాత్రం దూలాన్ని కూలుస్తుంది."

ఆ రోజు నుంచి ఆయన ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. హరిత ప్రాంగణం వారికి రాస్తే, పుట్టగొడుగు మొక్క కాదని తమరే పద్నాలుగు పేజీల నివేదికలో తెలియజేసినందున ఇది తమ పరిధిలోకి రాదన్నారు. ఉద్యాన శాఖకు రాస్తే, పుట్టగొడుగుల పెంపకం తమదేనని ఒప్పుకుని, రైతు పేరు, పట్టాదారు పాసుపుస్తకం నకలు పంపమన్నారు. అటవీ శాఖ వారు దూలం టేకుదా, మద్దిదా అని అడిగి, టేకైతే దాన్ని ఎప్పుడు ఎవరి అనుమతితో కొట్టారో తెలపమన్నారు. ఆ దూలం కొట్టినవాళ్లు స్వాతంత్ర్యానికి ముందే పోయారు.

నవంబరు మొదటి సోమవారం మధ్యాహ్నం దూలంలోంచి మూరెడు చెక్క ఊడి రెండో వరసలో పడింది. ఆ పూట పప్పు మరీ పలచగా ఉండడంతో పిల్లలు త్వరగా తిని చేతులు కడుక్కోవడానికి లేచిపోయారు. లేకపోతే ఏమయ్యేదో! మూడు కంచాలు చపాతీల్లా అయిపోయాయి.

కబురు అందగానే లోకనాథం, భుజంగరావు గారు ఒకే బస్సులో వచ్చారు. నీలవేణి ఆ మూడు కంచాలనూ తెచ్చి వాళ్ల ముందు పెట్టింది. భుజంగరావు గారు వాటి వైపు చూడలేక కిటికీలోంచి బయటికి తొంగి చూశారు. బయట గోడ పచ్చగా, ఆరోగ్యంగా, ఇంకా ఎక్కువగా ఉంది.

"దూలం మార్చడానికి నాకు రెండు వారాలు చాలు" అన్నాడు లోకనాథం. "కానీ గోడ పైవరస రాళ్లు దించాలి, కప్పు విప్పాలి. విప్పితే నీళ్లాగిపోతాయి. ఏడో నిబంధన. నా ఉద్యోగం పోద్ది." గొంతు తగ్గించాడు. "మాస్టారూ, ఆ ఉత్తర్వు వెనక పేజీ మీరు చూశారా?"

జేబులోంచి నలిగిన కాగితం తీసి చదివాడు. పదకొండో నిబంధన: "ప్రభుత్వ భవనములపై శిలీంధ్రములు, అనగా పుట్టగొడుగులు మొదలగునవి కనిపించిన యెడల ఏ అనుమతితోను నిమిత్తము లేకుండా ఇరువది నాలుగు గంటలలో తొలగించి, సదరు చెమ్మకు కారణమును నిర్మూలించవలెను. అట్లు జరగనిచో ప్రత్యేకాధికారి వ్యక్తిగతముగా బాధ్యుడు."

"మంచిదే కదా. దూలం మీదున్నది పుట్టగొడుగే" అన్నారు భుజంగరావు గారు.

"దూలం మీదున్నది గీకితే సరిపోద్ది. వాళ్లు గీకించి ఊరుకుంటారు. గోడ మీద మొక్కలున్నంత కాలం కప్పు ముట్టుకోనివ్వరు." లోకనాథం ఆయన ముఖంలోకి చూశాడు. "గోడ మీదున్నది కూడా పుట్టగొడుగే అని మీరొక్క ముక్క రాస్తే..."

భుజంగరావు గారు లేచి నిలబడ్డారు. ఎన్నడూ కోపం రాని మనిషికి కోపం వస్తే చూడ్డానికి కొంచెం భయంగానూ, కొంచెం నవ్వుగానూ ఉంటుంది. "ఏం మాట్లాడుతున్నావయ్యా? ఇరవై ఆరేళ్లుగా నేను చెప్పిందేమిటి? అది ఇది కాదనే కదా! రేపు నా క్లాసులో పిల్లలు అడిగితే ఏం చెప్పను? నా గురువుగారు పైనుంచి చూస్తే ఏమనుకుంటారు?"

"అదీ నిజవేనండి" అన్నాడు లోకనాథం. అతను కూడా కిటికీలోంచి బయటికి చూశాడు.

నీలవేణి నెమ్మదిగా అంది. "మాస్టారూ, నాకు మీ అంత చదువు లేదండి. ఆ రెండింటికీ తేడా ఏటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలీదు. మీరు ఏది రాసినా ఆ గోడ మీది దానికి తెలీదు. ఈ పిల్లలకి తెలుస్తాదండి."

దేముడమ్మ తెచ్చిన టీ చల్లారిపోయింది. చివరికి భుజంగరావు గారు కాగితం అడిగారు.

ఆయన రాసిన ధ్రువపత్రంలో ఏడు వాక్యాలున్నాయి. సదరు గోడపై పెరుగునది వానాకాలమున విస్తరించును. చెమ్మ లేనిదే జీవించజాలదు. దీనికి పువ్వులు లేవు. విత్తనములు లేవు. సిద్ధబీజములచే వ్యాప్తి చెందును. ప్రస్తుతము దీనిపై చిన్న చిన్న గొడుగులు లేచియున్నవి. ఈ ఆరూ అక్షరాలా నిజం. లివర్‌వర్ట్ పిల్లలు పెట్టే కాలంలో నిజంగానే దాని మీద అంగుళం పొడవు కాడలతో బుల్లి గొడుగులు లేస్తాయి. ఆ నెలలోనే లేచాయి. ఏడో వాక్యం దగ్గర ఆయన పెన్ను ఆగింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు. "కావున ఇది పుట్టగొడుగు అని ధ్రువీకరించడమైనది" అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, కాగితం బోర్లించేశారు.

ఆయన నిజం రాసిన పద్నాలుగు పేజీలు ఏ అలమరలో ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఉత్తరాల మీద ఉత్తరాలకు జవాబు రావడానికి వారాలు పట్టింది. ఈ ఒక్క కాగితం మర్నాడు ఉదయం పదీ నలభైకి విరించి ప్రసాద్ గారి బల్ల మీదికి చేరింది. ఒంటిగంటకల్లా ఆయన పనసగెడ్డలో ఉన్నారు. టై పక్కకు తిరిగిపోయి ఉంది.

"ఇరవై నాలుగు గంటలు ఎప్పటి నుంచి లెక్క? కాగితం రాసినప్పటి నుంచా, అందినప్పటి నుంచా?" అన్నారు జీపు దిగకుండానే.

"నిబంధనలో స్పష్టత లేదండి" అన్నాడు లోకనాథం. నిచ్చెన అప్పటికే గోడకు వేసి ఉంది.

విరించి ప్రసాద్ గారు భుజంగరావు గారి వైపు తిరిగారు. "మొక్క అని రాసింది తమరే కదండీ! పద్నాలుగు పేజీలు రాశారు!"

"రాశానండి. గొడుగులు తరవాత లేచాయి."

"నా హయాంలో ప్రభుత్వ భవనం మీద నలభై ఒక్క వేల పుట్టగొడుగులా!" ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకున్నారు. కాస్సేపటికి ఇంకో సంగతి తోచింది. "మాస్టారూ, రేపు విచారణ అంటూ జరిగితే... మీ నివేదిక నేను చదవలేదని తమరు సాక్ష్యం చెప్పగలరా?"

"ఆ విషయంలో నాకెప్పుడూ సందేహం లేదండి" అన్నారు భుజంగరావు గారు.

గీకుడు మొదలయ్యే ముందు ఆయన రెండు గంటలు గడువు అడిగారు. శిలీంధ్రాల నమూనాలు సేకరించాలని చెప్పారు. ఎనభై నాలుగు మంది పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. ఆయన చాకుతో పలకలు పలకలుగా, అడుగున మట్టితో సహా లేపి కంచాల్లో పెడుతుంటే వాళ్లు మోసుకుపోయి గెడ్డలో నీడగా ఉన్న రాళ్లకు అద్దారు. గోడంతా తీయలేకపోయారు. ఎంత చేయగలిగితే అంత చేశారు. మిగిలింది మేస్త్రీలు గీకేశారు. ఆ చప్పుడు వినలేక ఆయన గెడ్డ దగ్గరే ఉండిపోయారు.

విరించి ప్రసాద్ గారు ఇదంతా జీపులోంచి చూశారు. ఆ నెల నివేదికలో "నలభై ఒక్క వేల ఆరు వందల పన్నెండు మొక్కలను సహజ ఆవాసమునకు విజయవంతముగా తరలించడమైనది" అని రాశారు. అదే రోజు ఇంకో ఫైలులో "నలభై ఒక్క వేల ఆరు వందల పన్నెండు పుట్టగొడుగులను ఇరువది నాలుగు గంటలలో నిర్మూలించడమైనది" అని రాశారు. రెండింటికీ ఆయనకు పతకాలు వచ్చాయి. రెండు ఫైళ్లూ ఒకే బీరువాలో పక్కపక్కనే ఉన్నా ఒకదాన్నొకటి చూసుకోలేదు.

పదమూడు రోజుల్లో కొత్త దూలం ఎక్కింది. కప్పు కారడం ఆగింది. దుప్పట్లు ఆరాయి.

భుజంగరావు గారు మాత్రం సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. రెండో సంవత్సరం వాళ్లకు ఆ పాఠం చెప్పాల్సిన వారమది. ఏ ముఖం పెట్టుకుని వెళ్లాలో తెలియలేదు. నాలుగో రోజున ఎవరో తలుపు తట్టారు. ఏదో కొండ మీది బడి వార్డెన్. చేతిలో అరటాకు పొట్లం ఉంది. విప్పితే తడి లివర్‌వర్ట్.

"మా బడి గోడ మీదిదండి. మాకు కూడా కప్పు కారతాదండి. నీలవేణక్క మీ కాడికి ఎల్లమన్నాది."

ఆ మాటతో ఆయనకు సంగతంతా అర్థమైంది. పనసగెడ్డకు మొదటి ర్యాంకు వచ్చాక జిల్లాలో ఉన్న ప్రతి వార్డెన్ తన గోడ మీది పాచిని లెక్కలోకి ఎక్కించింది. ఇప్పుడు కప్పులన్నీ నిబంధనల ప్రకారం కారుతున్నాయి.

ఆయన లోపలికి వెళ్లి, పెరట్లో ఎండుమోడుకు పట్టిన పుట్టగొడుగు ఒకటి కోసుకొచ్చి బల్ల మీద కుడి పక్కన పెట్టారు. పొట్లంలోది ఎడమ పక్కన పెట్టారు. భూతద్దం ఆవిడ చేతికిచ్చారు.

"రాస్తానమ్మా. కానీ ఒక షరతు. ముందు తేడా తెలుసుకోవాలి. తెలిశాక తిరిగి నాకు అప్పజెప్పాలి. అప్పజెబితేనే సంతకం."

ఆవిడ అరగంట విన్నది. ఇరవై ఆరేళ్లలో ఆయన పాఠాన్ని అంత శ్రద్ధగా విన్నవాళ్లు లేరు.

సంక్రాంతి సెలవులకు ముందే ఆ ఇంటి అరుగు మీద రోజూ ముగ్గురు నలుగురు వార్డెన్లు కూర్చుని గొణుక్కుంటూ కనిపించేవాళ్లు. "ఇది తన కూడు తనే వొండుకుంటాది. అది కుళ్లినదాన్ని తింటాది. ఇది గోడకి ఏ అపకారవూ సెయ్యదు. అది కర్రని పొడి సేత్తాది..." అప్పజెప్పినవాళ్లకు అప్పజెప్పినట్టు ఆయన ధ్రువపత్రాలు రాసిచ్చేవారు. అలా మన్యంలో ముప్ఫై ఏడు బళ్ల కప్పులు బాగుపడ్డాయి. లివర్‌వర్ట్ అంటే ఏమిటో, పుట్టగొడుగు అంటే ఏమిటో అంత స్పష్టంగా తెలిసిన వార్డెన్లు ఇంకే జిల్లాలోనూ ఉండరు. అందరి ఫైళ్లలోనూ రెండూ ఒకటే అని ఉంది.

ఫిబ్రవరిలో ఒక ముసలావిడ వచ్చింది. ఆవిడా వార్డెనే, వచ్చే ఏడాది రిటైరవుతుంది. పొట్లం లేదు. ఫోనులో ఫొటో చూపించింది. ఫొటో చూసి భుజంగరావు గారు కళ్లజోడు సరిచేసుకున్నారు.

"అమ్మా, ఇది రావి చెట్టు."

"అవునండి. గోడలో మొలిసినాది. హరిత ప్రాంగణవోళ్లు దీనికి నెంబరు కూడా ఎట్టేసినారు. గోడ రెండుగా సీలిపోనాది బాబూ. ఆ గోడవారే మూడో తరగతి పిల్లలు కూకుంటారు."

"ఎత్తెంతుంటుంది?"

"రెండు నిలువులుంటాదండి. మీద కాకి గూడు కూడా ఎట్టినాది."

ఆయన ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశారు. రావాకులు ఎండలో తళతళలాడుతున్నాయి. కాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టారు. ఆవిడ మెడ చాచి చదువుకుంది: "సదరు గోడపై పెరుగుచున్నది పూర్తిగా ఎదిగిన పుట్టగొడుగు. కాకి పిల్లలు ఎగిరిపోయిన పిదప తొలగించవలెను."

"బాబూ, ఇది పుట్టగొడుగంటే ఎవులైనా నమ్ముతారంటారా?" అంది ముసలావిడ దిగులుగా.

భుజంగరావు గారు సంతకం పెట్టి, తేదీ వేసి, కాగితం ఆవిడ చేతికిచ్చారు.

"నమ్మక్కర్లేదమ్మా. ఫైలు చేస్తారు."